చారెడు ఐసు

రొయ్య తల గిల్లి తొక్క తీస్తున్నాను.
పదకొండున్నర.
లోసరిలో పిల్ల లేచుంటుంది.
గడియారం చూడక్కర్లేదు,
రవిక చెప్పేస్తుంది.

ఏప్రాను బయట చల్లటి తడి,
లోపల వెచ్చటి తడి.

"పోవే, నీ ట్రే నే చూత్తాలే"
తలెత్తకుండానే అంది సువార్తమ్మ.
ముగ్గురు బిడ్డల పాలు
ఆవిడ ఈ బాత్రూము గోడకే పిండేసిందట.

గ్లౌజులు తీసి మూడుసార్లు సబ్బు రుద్దుకుని
బట్టలగది తలుపుకి వీపు ఆనించి
స్టీలు గ్లాసులోకి పిండాను.
మొదట చుక్కలు. తర్వాత ధార.
చప్పుడు బయటికి వినపడుతుందేమోనని
ఊరికే దగ్గాను.

ఇక్కడ టన్నులకొద్దీ ఐసు,
సముద్రాలు దాటే రొయ్యకి.
చారెడు అడిగి తెచ్చుకున్నాను,
టిఫిను డబ్బాలో సీసా చుట్టూ.

కాలవగట్టు మీద
గుంతగుంతకీ బస్సు ఎగురుతుంటే
డబ్బా ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను.
కరిగిన ఐసుకి చీర తడిసి
దిగేటప్పుడు కండక్టరు అదోలా చూశాడు.

సీసా రేపటికి.
పక్కింటి ఫ్రిజ్జులో, పెరుగు గిన్నె వెనక.

నిమ్మచెక్కతో ఎంత తోమినా
వేళ్లకి రొయ్య వాసన పోలేదు.
పిల్ల ఒకసారి మొహం చిట్లించింది,
నా బొటనవేలు గట్టిగా పట్టుకుని
కళ్లు మూసుకుంది.