రైట్ రైట్

బాత్రూంలో జారినప్పుడు
చేతికందింది కొళాయి ఒక్కటే.
కొళాయీ నేనూ కలిసే వచ్చినాం కిందికి.

"తుంటి బతికిపోయింది పెంచలయ్యా" అన్నాడు డాక్టరు.
"ఇంకోసారి పడితే మాత్రం..."
మిగతాది ఎక్స్‌రేకి వదిలేసినాడు.

ముప్పై ఒక్క ఏండ్లు
నెల్లూరు–రాపూరు పల్లెవెలుగులో కండక్టరుని.
ఒక చేత్తో టికెట్టు చింపుతా, ఒక చేత్తో చిల్లరిస్తా
పొదలకూరు గుంతల్లో కమ్మీ పట్టుకోకుండా నిలబడినోణ్ణి.
ఇప్పుడు
మంచం మీంచి లేవాలంటే
గోడని బతిమాలుకుంటుండా.

వేదాయపాళెం పార్కులో, పొద్దున ఆరుకి
షమీమా అనే పిల్ల నేర్పిస్తా ఉంది.
"తాయ్ చీ తాతా. చైనాది."
చైనా ఫోను మూణ్ణెల్లు రాలేదు నాకు.
అయినా పోయినా.

"మోకాళ్లు రవ్వంత వంచు.
బరువంతా కుడికాల్లోకి పోయి.
ఎడమకాలు ఖాళీ చెయ్యి.
ఖాళీ అయిందాకా ఎత్తబాక."

నవ్వొచ్చింది.
ఒక కాల్లోది ఇంకో కాల్లో పోసుకోడమేగా
నేను జీతం తీసుకునింది!
డ్రైవరు స్టీరింగు తిప్పకముందే
మలుపు నా మోకాలికి తెలిసేది.
రిటైరయినాక
ఆ సంగతి మోకాలికి ఎవురూ గుర్తు చెయ్యలా.

నా పక్కన కొండమ్మ.
రైస్‌మిల్లు కళ్లంలో
ఉప్పుడు వడ్లని పాదాలతో సాళ్లు తీస్తా
నలభై ఏండ్లు నడిచిన మనిషి.
"చేతులు మేఘాల్లా కదలాల" అంటాది షమీమా.
"మబ్బులొస్తే మాకు కూలి పొయ్యేది పాపా"
అంటానే తల వంచుకోని,
గడ్డిలో లేని వడ్లని
మెల్లంగా తిరగేస్తాది.
ఆమె అడుగు చూసి
నేను నా అడుగు దిద్దుకుంటా.

నాలుగు నెల్లయింది.
మోకాళ్లు ఇప్పటికీ అప్పడాల మాదిరి మోగతాయి.
బీపీ బిళ్ల అట్నే ఉంది.
బూట్ల దారాలు మటుకు
నిలబడే కట్టుకుంటుండా.

రాత్రి కరెంటు పోయింది.
బాత్రూం గడప దగ్గిర ఆగినా.
అవతల తడి. ఆ కొత్త కొళాయి ఎక్కడుందో కనపడలా.
కుడికాల్లోకి అంతా దిగిందాకా నిలబడినా.
ఎడమది ఖాళీ.
మడమ ఆనించి, పాదం పరిచి,
తొందరేం లేదు,
ఎవురూ ఎక్కేవాళ్లూ లేరు, దిగేవాళ్లూ లేరు.

నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది,
రైట్ రైట్.