బ్యాక్ సూన్

ఛత్తా బజార్‌లో పెండ్లి కార్డుల దుకాణాల నడుమ
మునవ్వర్ జిల్దుసాజ్ షట్టరు సగం దించి ఉంది.
మేకుకు వేలాడే అట్టముక్క మీద "బ్యాక్ సూన్",
రెండు సున్నాలూ వంకర.
లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం
నూటెనభైకి బేరమాడి తెచ్చుకున్న నిఘంటువు.
వెన్ను విరిగి, ఎస్ అక్షరం మొత్తం ఊడి చేతికొచ్చింది.
కుట్టమని ఇచ్చి మూడు వారాలు.
ఇచ్చేముందు ఆ ఊడిన కాగితాల్లోనే చదివాను:
వెయ్యేళ్ళ కింద సూన్ అంటే కాసేపట్లో కాదు,
ఇప్పుడు. ఈ క్షణం.
ఎర్రగా కాలిన ఇనుము మీద సమ్మెట పడ్డట్టు.

ఎవరు పాడు చేశారు దాన్ని?
దొంగలెవరూ కాదు, మంచివాళ్ళే.
వస్తున్నా అంటూ గిన్నెలు కడుగుతూ ఉండిపోయిన ఆమె,
ఇదిగో ఇచ్చేస్తా అని జేబు తడుముకున్న అప్పులాయన,
గుర్రానికి నాడా కొడతానని కునుకు తీసినవాడు.
తలా ఒక ఘడియ సాగదీశారు
పాత బనీను మెడని సాగదీసినట్టు.
మాట మాత్రం ఏం చేస్తుంది?
మనుషులు ఎంత ఆలస్యమైతే
అంత ఆలస్యాన్నీ అర్థంగా మోసింది.
దాని జాగాలోకి అనాన్ వచ్చింది, అదీ సాగింది.
ప్రెజెంట్లీ వచ్చింది, పేరులోనే వర్తమానం పెట్టుకుని.
అదీ కాస్త జరిగి కూర్చుంది.

మన ఊరికి ఇదేం కొత్త?
ఇక్కడ పర్సోఁ అంటే మొన్న కావచ్చు,
నిజాం జమానా కావచ్చు.
మన "ఇప్పుడే" కూడా మెల్లగా
అదే గల్లీలోకి తిరుగుతోంది.
ఒక్క "ఉన్నపళంగా" ఇంకా పదునుగా ఉంది,
దాంతో ఎవరూ మాటివ్వరు గనక.
జరిగిపోయిన వాటికే దాచుకుంటాం:
ఉన్నపళంగా లేచి వెళ్ళిపోయాడు.
ఉన్నపళంగా పోయింది.

మునవ్వర్ వచ్చాడు, చేతిలో సగం ఉస్మానియా బిస్కెట్.
"అయిపోయింది సార్. లయి ఆరాలె, జల్ది తెరవకుండ్రి."
ఆగలేదు, తెరిచాను.
సూన్ ఉన్న పేజీ ఎదుటి పేజీకి
మైదా లయితో అంటుకుపోయి ఉంది,
గోరు పెడితే చిరిగేలా.

జేబులో ఫోను మోగింది.
"చారు పోపేస్తున్న, ఎక్కడున్నవ్?"
"ఇప్పుడే నయాపూల్ దాటిన," అన్నాను,
మునవ్వర్ జరిపిన స్టూలు మీద కూలబడి
రెండో చాయ్‌కి చెయ్యి చాస్తూ.