ఎడమ జేబు పైన

లబాడి రోడ్డులో నా కుట్టు దుకాణానికి
కల్నల్ ఎబో క్వాన్సా గారి భార్య
మైలో డబ్బా ఒకటి పట్టుకొచ్చింది.
మూత తీస్తే ఇంకా కోకో వాసన.
అడుగున పాత జేబురుమాల్లో చుట్టి, పతకాలు.
"శనివారం శవపేటిక ముందు
దిండు మీద పెట్టి మోస్తారట.
కోటు మాత్రం ఆయనకే తొడుగుతారు.
కోటుకి రిబ్బన్లు, దిండుకి బిళ్ళలు,
వరస తప్పకూడదన్నారు."

వరస నాకు చెప్పాలా?
ముప్పై ఏళ్ళుగా బర్మా క్యాంపు ఛాతీలన్నీ
నా సూది కిందుగానే పోయాయి.
ధైర్యానిది ముందు, గుండీల పక్కన.
తర్వాత మచ్చలేని కొలువుది.
ఆ తర్వాత జూబిలీలవి,
ఆ రోజుకి బతికుంటే చాలు, అందరికీ ఇస్తారు,
అందుకేనేమో అవే బాగా బరువు.
చిట్టచివర, చంక వైపు, పరాయి నేలలవి:
లెబనాన్, కంబోడియా, లైబీరియా, కాంగో.
నాలుగింటికీ నీలం ఉంది
కానీ ఏ రెండు నీలాలూ ఒకటి కావు.
కరెంటు దీపం కింద తికమక పడతానని
వాకిట్లోకి తెచ్చుకుని సరిచూసుకున్నాను.

మొత్తం ఏడు.

కోటు తిరగేసి చూస్తే
సూది బెజ్జాలు ఎనిమిదింటికి.
గుండీల పక్కన మొట్టమొదటి చోట
గుడ్డ రంగు వెలవలేదు,
చాలాకాలం ఏదో నీడ పట్టినట్టు.
దారం తెగింది కాదు, విప్పింది.
బ్లేడు అంచుతో, ఓపిగ్గా,
కుట్టుపని తెలియని మగచెయ్యి.

"అమ్మా, ఒకటి తక్కువ."
ఆమె పంకా వైపు చూసింది.
"ఉన్నవి కుట్టు," అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చి కూర్చుంది.
ఆమెను వెతుక్కుంటూ ఒక మనిషి వచ్చాడు.
బోల్గటాంగా నుంచి, రాత్రంతా బస్సులో.
ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు.
పేరు అయంబిలా, ఒకప్పుడు ఆయన డ్రైవరు.
గడప దగ్గరే నిలబడి
జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు.
మూడుచక్రాల బండిది ఒకటి, ఇంటిది ఒకటి,
వాటి మధ్య గుండ్రంగా, నున్నగా,
అక్షరాలు అరిగిపోయిన ఎనిమిదోది.

"వద్దన్నాను దొరసానీ.
వంతెన మీద బండి వెనక్కి తిప్పింది నువ్వు,
కాగితం మీద పడింది నా పేరు, అన్నారు.
అర్జీలు రాశారు, మూడుసార్లు.
జవాబు రాలేదు.
నాలుగోసారి మా ఇంటికే వచ్చి
మా అమ్మ వండిన జొన్నసంకటి తిని
కంచం కింద పెట్టి వెళ్ళిపోయారు.
కడిగేటప్పుడు చూసుకున్నాం."

రింగు ఊడదీద్దామని గోరు దూర్చాడు.
గోరు విరిగింది.
నా కత్తెర అడిగాడు.
ఇవ్వబోయాను.

"ఉండనీ," అంది ఆమె.
"అది లేకపోతే తాళంచెవులు పారేసుకుంటావు.
నీ జేబులో ఏదీ నిలవదని
ఆయన ఎప్పుడూ విసుక్కునేవారు."
నవ్వాననుకుంది కాబోలు, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.
అతను గుత్తి జేబులో వేసుకుని
జేబు మీద చెయ్యి తియ్యలేదు.

ఆ రాత్రి కుట్టాను.
వరసలో ఖాళీ ఉండకూడదు, అది నియమం,
ఉన్నవాటిని ముందుకు జరపాలి.
జరపలేదు.
అంగుళం పైన కాస్త వదిలేసి
రెండో చోటునుంచి మొదలుపెట్టాను.

తెల్లారి వచ్చిన కుర్ర కెప్టెన్
బూట్లు తళతళ, కళ్ళు ఇంకా నిద్రలో,
ఆ ఖాళీ మీద వేలు పెట్టాడు.
"ఇక్కడిదేది?"
"డ్యూటీలో ఉంది," అన్నాను.

ఒక క్షణం నన్నే చూశాడు.
తర్వాత రసీదు పుస్తకం తీసి
ఏడు, అని రాసుకున్నాడు
అంకెలోనూ అక్షరాల్లోనూ.