తలుపుకి ఇవతల

దులూత్‌లో మార్చి వచ్చినా ఏమీ మారదు.
సరస్సు ఇంకా
పళ్ళు బిగించుకునే ఉంది.

జిమ్‌లో మూడొందల కుర్చీలు వేశాం.
దయ గురించి చెప్పడానికి ఒకాయన వస్తున్నాడు,
వెర్న్ కోస్కి, ఒకప్పటి లారీ డ్రైవరు.
ఖాళీగా నిలబడ్డా ఆ చేతులు
స్టీరింగు పట్టుకున్నట్టే ఉంటాయి.
పిల్లలందరికీ పసుపుపచ్చ రబ్బరు గాజులు పంచారు.
నాక్కూడా ఒకటి.

మైకు అందుకోగానే
“ఇక్కడ ఎవ్వరూ ఒంటరి కాదు,
ఏదీ, గట్టిగా చెప్పండి!” అన్నాడు.
మూడొందల గొంతులు కప్పు లేపేశాయి.
చెవుల మీది నీలం మూతల్ని
రెండు చేతులా నొక్కుకుని
ఎమెట్ కుర్చీ కిందికి జారిపోయాడు.
నా ఉద్యోగం అదే,
వాణ్ణి బయటికి తీసుకెళ్ళడం.

వరండాలో మంచినీళ్ళ కుళాయి పక్కన
ఇద్దరం నేల మీద చతికిలబడ్డాం.
ఎవ్వరూ ఒంటరి కాదన్న మాట
తలుపు సందులోంచి సన్నగా వస్తోంది.
వాడు నేలపలకలు లెక్కపెడుతున్నాడు.
నేను వింటున్నాను.

కాసేపటికి కోస్కి గొంతు తగ్గింది.
తగ్గాకే బాగా వినబడింది.
తనని ఎవరో ఏడిపించిన కథ చెబుతాడనుకున్నాను,
అందరూ చెప్పేది అదే కదా.
“ఏడిపించింది నేను” అన్నాడు.
ఏడో తరగతిలో, జనవరిలో,
డేల్ అనే కుర్రాడి బూట్లు
బడి కప్పు మీదికి విసిరేశాడట.
వాడు మేజోళ్ళతోనే ఇంటికి నడిచాడట.
“పదకొండు వీధులు.
నలభై ఏళ్ళ తర్వాత కారులో వెళ్ళి లెక్కపెట్టాను.
డేల్ ఇప్పుడెక్కడున్నాడో తెలీదు.”
ఆ తర్వాత ఏమన్నాడో నేను వినలేదు.

అప్పటికే నేను
నూజివీడులో, ఎనిమిదో తరగతిలో,
మూడో బెంచీ మీద ఉన్నాను.
సుభాషిణి లేచి పద్యం అప్పజెబుతోంది.
పేరు పెట్టినవాళ్ళు ఏం ఆశపడ్డారో గానీ
“క... క...” దగ్గర ఆగిపోయింది.
“కాకి!” అని క్లాసంతా అందించింది.
నేనే మొదలుపెట్టానని చెప్పలేను,
ఆపానని అసలే చెప్పలేను.
నా నవ్వు మాత్రం గుర్తుంది,
ఒక్క అక్షరం తడబడకుండా వచ్చింది.
ఆ పిల్ల ఇంటిపేరు
ఎంత తవ్వినా తట్టదు.
హాజరుపట్టీలో ఏదో ఉండే ఉంటుంది.
మేం మాత్రం మూడేళ్ళు
నత్తినే ఇంటిపేరు చేసి పిలిచాం.

ఎమెట్ నా మోచెయ్యి తట్టాడు.
“నూట నలభై రెండు” అన్నాడు.
“ఒకటి పగిలింది.”
చూపించాడు. నిజమే.
రోజూ దాని మీంచే నడుస్తాను.

చప్పట్లు. తలుపులు బార్లా తెరుచుకున్నాయి.
పసుపుపచ్చ మణికట్లన్నీ పొంగుకొచ్చి
మా దగ్గర రెండు పాయలై
మళ్ళీ కలిసి వెళ్ళిపోయాయి.
ఒకమ్మాయి మాత్రం వెనక్కి తిరిగి చూసింది,
ఎవరో చెయ్యి పట్టి లాగేశారు.

అందరి చివరా కోస్కి,
స్పీకరు పెట్టె మోసుకుంటూ.
మమ్మల్ని చూసి ఆగాడు.
తలుపు వంక చూశాడు,
ఎమెట్ చెవుల వంక చూశాడు.
గంటసేపు ఆగకుండా మాట్లాడిన మనిషికి
ఇప్పుడేమనాలో తోచలేదు.
పెట్టె దించి,
మోకాళ్ళు కటకటమంటుంటే
మాకు కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నాడు.

ఎమెట్ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.
ఆయన దాకా వచ్చి ఆగాడు.
“కాస్త జరగండి” అన్నాడు,
“మీ కింద రెండున్నాయి.”

ఆయన జరిగాడు.