కోట్ల గదిలో కచేరీ

టార్టులో ఫిబ్రవరి శనివారం, పొద్దున పదిన్నర.
నా బల్ల ముందు మంచు కరిగి మడుగు కడుతోంది.
నూట పన్నెండు చిన్న కోట్లు,
దారంతో మెడకి వేలాడే ఉన్ని తొడుగుల జతలు,
ఎవరిదో ఒంటి బూటు.
రెండోదేదని నన్నడక్కండి.
ఇరవయ్యారేళ్ళుగా ఈ హాల్లో కోట్లు తగిలిస్తున్నాను,
సంగీతం నాకెప్పుడూ తలుపవతలి సంగతే.

పెద్దవాళ్ళ కచేరీ రాత్రుల్లో
దగ్గును కూడా జేబురుమాల్లో మడిచి దాచుకుంటారు జనం.
ఇవాళ అలా కాదు.
మూడేళ్ళ వాళ్ళకీ ఆరేళ్ళ వాళ్ళకీ నేల మీదే దిళ్ళు.
"లేచి తిరగొచ్చు, మధ్యలో అడగొచ్చు,
ఏడుపొస్తే ఏడ్చేయొచ్చు" అని
గుమ్మం దగ్గరే చెప్పేసింది వయొలిన్ వాయించే త్రీను.

తలుపు సందులోంచి చూశాను.
బల్ల మీద వరసగా నాలుగు వయొలిన్లు,
పెద్దది, దానికన్నా చిన్నది, ఇంకా చిన్నది,
చివర్న మరీ బుల్లిది.
పదహారో వంతు అంటారట దాన్ని,
మా వీధి బేకరీ రై రొట్టె దానికన్నా బరువుంటుంది.
విల్లుకి రాస్తున్న రోజిన్ ముక్కని చూసి
"తేనె మిఠాయా?" అందొక గొంతు.
"పైన్ చెట్టు బంక. నాకకండి.
నేను నాకి చూశాను, బావుండదు."
"మరి ఆ వెంట్రుకలు?"
"గుర్రం తోకవి."
"గుర్రానికి తెలుసా?"
దానికి జవాబు దొరక్క వాయించడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చాడు వాడు,
రెండు చెవులూ అరచేతుల్తో మూసుకుని,
బిక్కమొహంతో, తలుపుని భుజంతో తోసుకుంటూ.
వెనకే వాళ్ళ నాన్న మడిస్,
"యోసెప్! యోసెప్!" అని గుసగుసగా అరుస్తూ,
"వీడికిది పడదేమో, మేమే తొందరపడ్డాం" అని
నాకెందుకో సంజాయిషీ చెబుతూ.
వాడు కోట్ల కిందకి దూరిపోయాడు.
"కూర్చోండి," అన్నాను ఆయనతో,
"ఇక్కడ టికెట్టు అడిగేవాళ్ళు లేరు."

మోకాళ్ళు కటకటమన్నా నేనూ దూరాను.
తడి ఉన్ని వాసన,
ఎవరి జేబులోంచో దాల్చినచెక్క బన్ను వాసన.
అంత గుబురులోంచీ వస్తోంది వయొలిన్,
మొనలన్నీ దారిలో బొత్తాలకి తగిలి విరిగిపోయి,
ఒట్టి మెత్తదనంగా.
వాడు ఒక అరచెయ్యి తీశాడు.
కాసేపాగి రెండోది.
"ఇక్కడ అది చిన్నగా ఉంది," అన్నాడు,
"నా అంతే ఉంది."

ఇన్నేళ్ళూ నాకు దొరుకుతోంది
చివరి బంతి భోజనమనుకున్నాను.

లోపల ఎవరో పసిది గుక్కపెట్టింది.
ఉష్ అనలేదెవరూ.
పాటే కొంచెం నెమ్మదించి
ఆ ఏడుపుని పక్కన కూర్చోబెట్టుకుంది.
"ఆవిడ ఊపిరి ఎప్పుడు తీసుకుంటుంది?"
వాడడిగాడు. నాకేం తెలుసు?
చెవులొగ్గి ఇద్దరం వెతికాం.
పాట తెగి మళ్ళీ అతుక్కునే చోటల్లా
వాడు నా మోచేతిని గిల్లాడు.
తొమ్మిది గిల్లుళ్ళు లెక్కపెట్టాను,
తర్వాత లెక్క తప్పాను.

పన్నెండు కొట్టేసరికి బిల్లల కోసం తోపులాట,
తారుమారైన టోపీలు.
అందరూ వెళ్ళాక త్రీను తన కోటు కోసం వచ్చింది.
యోసెప్ ఇంకా కోటు కొక్కేల కిందే.
వాడేం అడగలేదు. ఆవిడా ఏం చెప్పలేదు.
పెట్టె తెరిచి, వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని,
వాడికి అందేలా నేల మీద కూలబడింది.
"దీని వీపు మీద చెయ్యి పెట్టు."

చెవి మూసుకున్న చెయ్యే పెట్టాడు.
నాలుగు తీగల్లో లావుదాన్ని
విల్లుతో ఒకేఒక్కసారి, మెల్లగా, పొడుగ్గా.
చెయ్యి చటుక్కున లాగేసుకుని
అందులో ఏముందోనని చూసుకున్నాడు.
మళ్ళీ పెట్టాడు.

మడిస్ కోటు తొడిగాడు, బొత్తాలు ఒకటి తప్పించి.
కుడిచేతి తొడుగు మాత్రం ఎక్కలేదు.
వాడు పిడికిలి విప్పడు.
బతిమాలి, విసుక్కుని, చివరికి
ఆ పిడికిలి మీదే లాగి తొడిగేశాడు తండ్రి.
బొటనవేలు చోటు ఖాళీగా ఊగుతూ
మంచులోకి వెళ్ళిపోయారు.

ఒంటి బూటు ఇంకా నా దగ్గరే ఉంది.