బార్లీ గింజ

ఓర్క్‌నీ గాలికి తలుపులే నిలవవు,
నా ముఖమేం నిలుస్తుంది?
పదకొండేళ్ళుగా రేవులో టికెట్లు చింపుతున్నాను.
ముక్కు మీదా బుగ్గల మీదా ఆరని ఈ ఎరుపు చూసి
"పొద్దున్నే పట్టించావా థోరా?" అంటాడు ఎర్లెండ్.
చుక్క ముట్టనిదాన్ని.
నవ్వేసి టికెట్ చింపుతాను,
కాస్త గట్టిగా.

మందుల షాపావిడ ట్యూబు మూత తిప్పుతూ చెప్పింది,
ఇందులో ఉన్న ఆమ్లం బార్లీలోనూ ఉంటుందని.
బార్లీ!
ఏ గింజ విస్కీ తాగానని రేవంతా అనుకుంటోందో
ఆ గింజే వచ్చి నా పక్కన నిలబడింది.

రాత్రి ముఖం కడిగి, ఆరనిచ్చి,
వేలి కొసన బఠాణీ అంత.
మొదటి వారాలు చెంపల మీద చీమల బారు.
గోకకూడదు. గోకాను, ఒకసారి.

అక్క కూతురు స్వన్‌హిల్డాకీ డాక్టరు ఇదే రాశాడు.
పదిహేనేళ్ళు, నుదుటి నిండా మొటిమలు,
జుట్టు ముందుకు దువ్వి దాచుకునే వయసు.
దాని చర్మంలో బిగుసుకున్న మూతలు విప్పుతుందట,
లోపల కాపురం పెట్టిన క్రిముల చేత
ఇల్లు ఖాళీ చేయిస్తుందట.
నా దగ్గర మాత్రం మంటను మందలిస్తుంది, అంతే.
"అత్తా, నీది ఎన్నో వారం?"
"ఏడు. నీది?"
"నాలుగు. ఏం లేదు."
"ఉంటుందిలే."

పన్నెండో వారం.
ఎరుపు పోలేదు, గొంతు తగ్గించింది.
గాలి వీచినప్పుడు మళ్ళీ పలుకుతుంది.
ఎర్లెండ్ నా ముఖంలోకి వంగి చూశాడు:
"మానేశావా థోరా?"
"లేదు," అన్నాను, "బార్లీ ఇప్పుడే మొదలెట్టాను."
అర్థం కాక
చిరిగిన టికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ
పడవెక్కాడు.