మడత దగ్గర

చూడటం తలుపు దగ్గరే మొదలుపెట్టాలి.
మా పెద్దసారు నేర్పిన మొదటి పాఠం అదే.
పేరు అడక్కముందే నడకను అడగాలి,
చెప్పు ఈడ్చిన చప్పుడును అడగాలి,
ఏ చెయ్యి ఊగడం మరిచిపోయిందో చూడాలి.

ఈ పూటకు ఇప్పటికి ముప్పై రెండు చీటీలు.
చివరగా చూసింది మునిశేఖర్‌ని, కొండమీద గుండ్లు గీసే చెయ్యి.
ఒళ్ళో పెట్టుకుంటే వణుకుతుంది,
కత్తి పడితే నిలుస్తుంది.
నూరులోంచి ఏడేడు తీసేయమంటే
తొంభై మూడు దగ్గరే బొటనవేలు
కనపడని మాత్రను చుట్టడం మొదలెట్టింది.
"పనిలో ఉంటే బాగుంటాది మేడమ్,
ఊరికే కూసుంటేనే దీనికి పూనకం."
రాసుకున్నాను: విశ్రాంతిలో వణుకు, కుడి చెయ్యి.
అతని మాటే బాగుంది.

ముప్పై మూడోది చెంగమ్మ.
ఆమె గడప దాటకముందే నోరు కనిపించింది.
పెదాలు సున్నాలా చుట్టుకుని విడిపోతాయి,
నాలుక బండసందులో తొండలా
తొంగిచూసి లోపలికి పోతుంది.
దవడ దేన్నో నములుతూనే ఉంటుంది.
నోట్లో ఏమీ లేదు.

చెల్లెలు గురవమ్మ చెప్పింది:
"మొదట వక్కాకు అనుకుంటిమి.
పుత్తూరు పోయి దవడకు కట్టు కట్టిస్తిమి.
కట్టు కింద గూడా నమిలెనమ్మా, రెండు దినాలకే ఊడిపాయ.
తాతయ్యగుంట గంగమ్మకు పొంగలి గూడా పెడితిమి."

చెంగమ్మ నవ్వింది. అలిపిరి మెట్ల కాడ జామకాయలమ్ముతుందట.
"వచ్చే పోయే జనం, నేను గోవింద నామం చెప్తాండానని
కాళ్ళకు మొక్కి పది రూపాయలు పెడతారు పాపా.
కాదని చెప్పే లోపల నాలుగు మెట్లెక్కిపోతారు.
కాయ మాత్రం కొనరు."

నాలుక చాపి పది లెక్కపెట్టేదాకా ఉంచమన్నాను. ఉంచింది.
కట్టుడు పళ్ళా? కాదు, సొంతవే, ఏడు.
మీ అమ్మకు, మేనమామకు ఇట్లాంటిది?
ఎవరికీ లేదు.
నిద్రలో?
"నిద్రలో రాయి," అంది గురవమ్మ.
మాట్లాడేటప్పుడు తగ్గుతోంది, అది నాకే కనిపిస్తోంది.
వేళ్ళు టకటకా ఆడించమంటే
నోరు ఇంకా రేగింది.

అప్పుడు అడిగాను,
అన్నిటికంటే ముందు అడగాల్సిన మాట:
సంచీ చూపించవ్వా.

పసుపు గుడ్డ సంచి. తువ్వాలు, చిల్లర మూట,
ఉప్పూకారం పొట్లం,
సగం ఖాళీ అయిన మాత్రల అట్ట.
కడుపుమంటకట. పరగడుపున ఒకటి.
ఎన్నాళ్ళుగా?
"మూడు గంగజాతర్లు దాటె."

మెదడులో ఒక తలుపు మూసే మాత్ర అది.
వికారం ఆగుతుంది, కడుపు తేలికపడుతుంది.
మూసిన తలుపును ఏళ్ళ తరబడి
లోపలినుంచి ఎవరో బాదుతూనే ఉంటారు.
ఆ బాదుడే ఈ నమలడం.

ఎవరు రాసిచ్చారు?
రవికెలోంచి నాలుగు మడతల చీటీ తీసింది.
మందులషాపు అబ్బాయి దాన్ని చూసే ఇస్తాడట, నెలనెలా.
తెరిచాను.
కింద సంతకం తోక ఎడమకు తిరిగి ఉంది.
నాది.
హౌస్ సర్జన్‌గా చేసిన రోజుల్లో
ఏదో రాత్రి, క్యాజువాలిటీలో, నిలబడి రాసింది.

పదిహేను రోజులని రాసే ఉంటాను.
రాసే ఉంటాను.
అంకె ఉండాల్సిన చోట
మడత అరిగి, కాగితంలోంచి వెలుతురు వస్తోంది.

చెప్పాను, నా చేతిరాతేనని.
మాత్ర ఆపితే మొదట కొంచెం ఎక్కువ కావచ్చని,
తగ్గడానికి నెలలు పట్టవచ్చని,
తగ్గకపోనూ వచ్చని.
గురవమ్మ నా పెన్ను వైపు చూస్తోంది.
అది కాగితం మీద సన్నగా తడుతోంది,
నేను తట్టకుండానే.

చెంగమ్మ చీటీ వెనక్కి తీసుకుంది,
అవే మడతల మీద మడిచి రవికెలో దోపుకుంది.
పెదాలు రెండుసార్లు చుట్టుకున్నాయి, విడిపోయాయి.
"సరే, అదట్ల పోనీ.
ఇప్పుడు నా కడుపుమంటకు
ఏం రాస్తావు పాపా?"